ఎడమ నుంచి రెండో పన్ను

డాక్టర్ థర్లో ఎదురుగా ఉంటే "మీరు" అనేదాన్ని, మనసులో "వాడు" అనేదాన్ని. ఆ వేసవంతా అలాగే నడిచింది. ఎక్కడ నోరు జారుతుందోనని పొద్దున్నే బండి దిగేముందు ఓసారి నాలుక కరుచుకుని మరీ దిగేదాన్ని.

మా నాన్న ఆంబ్రోస్ నార్చో అంతకు ఇరవై రెండేళ్ళ కిందట, పాతకాలపు ఊళ్ళు తవ్వి చూసే ఆ థర్లో దగ్గరే పార పట్టాడు. అదే చోట, గీలా నది పాత కాలవల పక్కన. అది మా పెద్దవాళ్ళ ఊరు. పుస్తకాల్లో హొహోకమ్ అని రాస్తారు, ఈ ఎడారిలో మొదట్నుంచీ ఉన్న మా తెగవాళ్ళం హుహుగమ్ అంటాం, వెళ్ళిపోయినవాళ్ళు అని. ఇళ్ళు నేలలోకి మోకాలి లోతు దించి కట్టుకునేవాళ్ళు. అడుగున మెత్తిన గచ్చు, దాన్లో పొయ్యి గుంట. అలాంటిదే ఒకటి, నలభై ఒకటో నంబరు ఇల్లు, ఆ ఏడు సగానికి సగం విరిగిపోయింది. థర్లో తన నివేదికలో దాని గురించి ఒకే ఒక్క వాక్యం రాశాడు. "స్థానిక కూలీ ఆంబ్రోస్ నార్చో అజాగ్రత్త వల్ల పార దెబ్బలకి గచ్చు ధ్వంసమైంది."

నాన్న చెప్పేది వేరు. యంత్రంతో పై మట్టి తీసేటప్పుడు పక్కనే ఒక మనిషి నిలబడి, గచ్చు ఛాయ కనపడగానే చెయ్యెత్తాలి. ఆ మనిషి లేకుండా యంత్రం కదలకూడదు. ఆ మనిషి నాన్నే. ఆ రోజు థర్లో నాన్నని ఐసు తెమ్మని పట్నం పంపించి, పని ఆగకూడదని యంత్రాన్ని నడిపించాడు. నాన్న ఐసు పెట్టె మోసుకుంటూ వచ్చేసరికి ఇల్లు సగం లేదు. యంత్రం కొట్టిందని తెలిస్తే థర్లో తవ్వకానికి అనుమతే పోయేది. పార కొట్టిందంటే ఎవరికీ ఏమీ కాదు, మా నాన్నకి తప్ప.

"ఆ యంత్రం మట్టి తీసే తొట్టికి ఐదు పళ్ళుండాలి. ఎడమ నుంచి రెండోది ఊడిపోయింది. ఆ ఏడు చివరిదాకా కొత్తది వెయ్యలేదు," అని నాన్న అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. వినేవాళ్ళు తల ఊపి లేచిపోయేవాళ్ళు. గుంట పూడ్చేశాక ఏ పన్ను ఊడితే ఎవరికి కావాలి?

ఆ చలికాలమే మా మేనత్త ఫెలిసిటా కొడుకు ఊపిరితిత్తుల జ్వరంతో పోయాడు. పంతొమ్మిదేళ్ళవాడు. మా దుమ్ముకి ఆ జ్వరం వస్తూనే ఉంటుందని డాక్టర్లు చెప్పారు. అత్త వినలేదు. పెద్దవాళ్ళ ఇంటి జోలికి వెళ్తే జబ్బు చేస్తుందని మా వాళ్ళ నమ్మకం. ఆ ఇల్లు విరగ్గొట్టిన చేతిని నా కొడుకు భుజమ్మీద వేశాడు అంది, అంతే, ఆ రోజు నుంచి అత్త మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఏటా వేసవిలో సగ్వారో జెముడు పళ్ళు కోయించి, కాచి, ఆ పాకం సీసాల్లో పోసి మా వాళ్ళందరి ఇళ్ళకీ పంపేది, మా ఇంటికి తప్ప. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఏటా ఒక ఖాళీ సీసా కడిగి గుమ్మంలో పెట్టేది. ఎవరూ తీసుకెళ్ళలేదు. అమ్మ పోయాక ఆ సీసా అల్మారా మీదికెక్కింది.

కాబట్టి నేను ఈ తవ్వకాల పని నేర్చుకున్నది చదువు మీద ప్రేమతో కాదు. పగతో. పగతో నేర్చుకున్నది బాగా వస్తుందని కూడా అప్పుడే తెలిసింది.

రెండువేల తొమ్మిది మేలో రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఆ చోటే మళ్ళీ తవ్వాల్సొచ్చింది, నేనూ పనిలో చేరాను. మా మీద అధికారి మారిబెల్ అనే టూసాన్ పట్నం పిల్ల, ముప్పై నిండినట్టున్నాయి. ఆ తవ్వకానికి సలహాదారు డెబ్బై దాటిన థర్లో. నన్ను గుర్తుపట్టలేదు. పెళ్ళి చేసుకుని లూసిండా ఎనోస్‌నయ్యాను కదా. ఆ పెళ్ళిలో మొగుడైతే మిగల్లేదు గానీ పేరు అలా అక్కరకొచ్చింది.

మట్టి పొరలు రాయడం చూసేవాళ్ళకి పిచ్చిపనిలా ఉంటుంది. కందకం గోడని తాపీతో నున్నగా గీకి, మేకులు కొట్టి, రసమట్టం చూసి అడ్డంగా దారం లాగాలి. ఆ దారం నుంచి పైకీ కిందికీ కొలుస్తూ ప్రతి పొరనీ గళ్ళ కాయితం మీద గీయాలి. పొయ్యి గుంటైనా, గుంజ పాతిన బొక్కైనా, నిన్నగాక మొన్న ఎలుక తవ్విన కన్నమైనా, గోడలో ఉన్నదానికల్లా నంబరివ్వాలి. నచ్చలేదని వదలకూడదు. తర్వాత ఒకరు గోడ దగ్గర నిలబడి పొర రంగూ రకమూ చెబితే ఇంకొకరు రాస్తారు. రంగంటే నోటికొచ్చింది చెప్పడం కాదు, పెయింట్ల కొట్లో ఇచ్చేలాంటి రంగుల పుస్తకం ఒకటుంటుంది. చిటికెడు మట్టి తడిపి, ఎండలో పట్టుకుని, ఏ ముక్కకి సరిపోతుందో చూడాలి. మట్టి తడిగా ఉండాలి, నీడలో చదవకూడదు, రంగు కళ్ళద్దాలు పెట్టుకోకూడదు. మొదటిరోజు వచ్చిన కూలీకైనా ఈ మూడూ చెప్తారు.

థర్లో టీ రంగు కళ్ళద్దాలు పెట్టుకునేవాడు. ఎండ పడట్లేదట. ఆ మూడు నియమాలూ మా అందరికీ నేర్పిన పెద్దమనిషి, ఆయన కళ్ళకేసి చూసి అడిగేదెవరు?

రెండో రోజు నేను రాస్తున్నాను, ఆయన చెప్తున్నాడు. "ఆరో పొర. ఎర్ర గోధుమ."

నేను గోడకేసి చూశాను. ఐదోది కాలవ వరద తెచ్చిపోసిన ఎర్ర ఒండ్రు. ఆరోది ఇంట్లో పేరుకున్న బూడిద మట్టి, వేలు పెడితే నల్లగా అంటుతోంది. ఈ రెండూ ఒకటంటే కాలవనీ ఇంటినీ ఒకటన్నట్టే.

"ఇంకోసారి చెప్తారా సార్?" అన్నాను.

"చెవులు కూడా నేనే అరువివ్వాలా? ఎర్ర గోధుమ. ఐదో పొర లాగే."

రాశాను. చేతిరాత ముత్యాల్లా వచ్చింది కూడా. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఎలాంటిదంటే, పెళ్ళిరోజున కూడా అంత సంతోషపడలేదు. ఇలాగే అన్నీ చెప్పనీ, అన్నీ రాస్తాను, పుస్తకం అచ్చవనీ అనుకున్నాను. కొన్ని పొరల మట్టి సంచుల్లో కట్టి మ్యూజియంకి పంపుతారు. ఏదో ఒక రోజు ఏ చదువుకునే పిల్లో ఆ సంచి విప్పి చూసి, ఈ మహానుభావుడికి బూడిదకీ ఒండ్రుకీ తేడా తెలీదని లోకమంతా చెప్తుంది. మా నాన్న గురించి ఒక్క వాక్యం రాశాడు కదా, వీడి గురించి వీడి నోటితోనే పుస్తకమంతా రాయిస్తాను. అలా ఆరు వారాల్లో ముప్పై ఒక్క కాయితాలు రాశాను. ప్రతి కాయితం కింద నా సంతకం.

జూన్ మూడో వారం ఆదివారం అత్త పళ్ళ కోతకి వెళ్ళాను. డెబ్బై ఆరేళ్ళ మనిషి, పొడుగాటి కర్రతో సగ్వారో నెత్తిన పళ్ళు రాలుస్తూ, నన్ను చూడకుండానే మొదలుపెట్టింది. ఆ చోట మళ్ళీ తవ్వుతున్నారట కదా, నువ్వూ పోతున్నావట కదా, మీ నాన్న చేసింది చాల్లేదా అంది.

"నాన్న ఏం చేశాడో తేల్చడానికే పోతున్నా అత్తా."

"తేల్చు. తేలాక చెప్పు. అందాకా ఆ బాల్చీ ఇటు తే."

రోజంతా ఎర్రటి గుజ్జు చేతులతో పనిచేశాను. సాయంత్రం ఇంటికెళ్తుంటే మామూలుగానే వట్టి చేతులతో పంపించింది.

ఆ తర్వాతి బుధవారం నలభై ఒకటో ఇంటి దగ్గర పాత పూడిక తీశాం. వెనకటివాళ్ళు కప్పిన మట్టి గుల్లగా ఉంటుంది, తాపీ తగిలితేనే తెలిసిపోతుంది. అందులో ఒక సోడా డబ్బా, చిప్స్ కాయితం. అది ఊడ్చేసరికి గచ్చు బయటపడింది. సగం నున్నగా మెరుస్తోంది, మధ్యలో తెగింది, అవతల ఏమీ లేదు. తెగిన చోట అడుగున సున్నపు గట్టినేల. దాని మీద మట్టి ఇంకా అతుక్కుని ఉంటే బ్రష్షుతో నెమ్మదిగా తుడిచాను.

నాలుగు చాళ్ళు బయటపడ్డాయి. తిన్నగా, పక్కపక్కనే, జానెడు జానెడు దూరంలో. మూడు వరసగా ఉన్నాయి, ఆ తర్వాత రెండు జానల ఖాళీ, ఆ తర్వాత నాలుగోది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. పార దెబ్బైతే పలకలా చెక్కుకుపోతుంది, ఇలా చాళ్ళు పడవు. లెక్కపెట్టాను. ఎడమ నుంచి లెక్కపెడితే లేనిది నాలుగో పన్ను. మళ్ళీ తట్టింది, యంత్రం తన వైపుకి తవ్వుకుంటుంది కదా, తోలేవాడు అటు చివర కూర్చుంటాడు. లేచి అటు చివరికి నడిచి, వాడు కూర్చున్న చోట నిలబడి మళ్ళీ లెక్కపెట్టాను. ఒకటి. ఖాళీ. మూడు, నాలుగు, ఐదు. ఎడమ నుంచి రెండోది.

మారిబెల్‌ని పిలిచాను. వెనకే థర్లో కూడా వచ్చాడు. వంగి చూశాడు. చూసి, ఎలుక కన్నాలు అన్నాడు.

"నాలుగు ఎలుకలు వరసలో నిలబడి, గీత గీసుకుని తవ్వాయా సార్?" అన్నాను.

మారిబెల్ నవ్వబోయి ఆగింది. థర్లో అప్పుడు మొదటిసారి నా మొహం సరిగ్గా చూశాడు. నువ్వెవరి అమ్మాయివి అని అడిగాడు. ఆంబ్రోస్ నార్చో కూతుర్నని చెప్పాను. ఆ మాట ఆ గుంటలో నిలబడి వాడి మొహం మీద చెప్పాలని ఎన్నేళ్ళు ఎదురుచూశానో. వాడు తొణకలేదు. మారిబెల్ వైపు తిరిగాడు.

"అదీ సంగతి. పగ పెట్టుకుని వచ్చిన మనిషి గీసే గీతలు ఎంతవరకు నమ్మాలో నువ్వే చూసుకో. ఈమె రాసిన కాయితాలన్నీ ఓసారి తీసి, సంచులతో పోల్చి చూడు."

నాకు అప్పుడర్థమైంది ఏం జరగబోతోందో.

మర్నాడు పని ముగిశాక మధ్యాహ్నం మారిబెల్ తన ఆఫీసు బండిలోకి పిలిచింది. బల్ల మీద మట్టి సంచులు, నా ముప్పై ఒక్క కాయితాలు. ఒక్క రంగూ సరిపోలేదంది. థర్లోని అడిగితే, నేను సరిగ్గానే చెప్పాను, రాయడంలో తప్పు జరిగింది, ఇక్కడి కూలీలతో ఇది కొత్తేం కాదు అన్నాడట. మా నాన్న గురించి రాసిన వాక్యమే, పేరొక్కటే మార్చాడు.

ఆయన చెప్పిందే రాశాను, ఆ కళ్ళద్దాలు తీయకుండా చదివాడు అన్నాను. మారిబెల్ నమ్మింది. ఆ కళ్ళద్దాలు తనూ చూసింది.

"అది సరే," అంది. "తప్పు చెప్తున్నాడని నీకు తెలుసా, తెలీదా? మా అందరికంటే మట్టి బాగా చదివేది నువ్వు లూసిండా. అందుకే అడుగుతున్నాను."

తెలీదంటే మట్టి చదవడం రానిదాన్నవుతాను, నా చాళ్ళ కాయితానికి విలువుండదు. తెలుసంటే అబద్ధం రాసినదాన్నవుతాను, అప్పుడూ ఉండదు. ఫ్యాను గాలికి కాయితాలు ఎగురుతుంటే ఒకదాని మీద చెయ్యి పెట్టాను.

"తెలుసు," అన్నాను.

మారిబెల్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నువ్వు గీసిన ఆ చాళ్ళు నేనూ చూశాను, కానీ ఇవి రాసిన చేత్తో అవి గీశావు, రేపు ఎవడైనా అడిగితే ఏం చెప్పను అంది. ఫైలు మూసింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నాన్న ఎడారి చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టి కలుపుతున్నాడు. ముందు మంచి కబురే చెప్పాను. గరిటె కింద పెట్టాడు.

"రెండోది లేదు కదూ?"

"లేదు నాన్నా. తోలేవాడి వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి రెండోది."

"తోలేవాడి వైపు నుంచే చూడాలి," అన్నాడు. కళ్ళు మూసుకుని కుర్చీ వెనక్కి వాలాడు. అలాంటి మొహం మా అమ్మ పోయాక ఆయనకి నేను చూడలేదు. మిగతాది చెప్పకుండా అక్కడితో ఆపేస్తే ఎంత బాగుండునో అనిపించింది. చెప్పాను. కళ్ళద్దాలు, రంగులు, ముప్పై ఒక్క కాయితాలు, మారిబెల్ అన్న మాట, అన్నీ.

"తెలిసే రాశావా?" అన్నాడు.

"నీ కోసమే నాన్నా."

"నా కోసం అనకు." గొంతు పెంచలేదు. "నేను ఆ ఇల్లు విరగ్గొట్టలేదు. ఇరవై రెండేళ్ళు ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను. నువ్వు విరగ్గొట్టావు. గోడ ఒకటి చెప్తుంటే నువ్వు ఇంకోటి రాశావు. వాడు చేసిందీ అదే కదా తల్లీ."

నాకు ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది. ఈ మనిషి కోసం నేను ఇన్నేళ్ళు రగిలితే, తీసుకెళ్ళి నన్నూ ఆ వెధవనీ ఒకే గాట కట్టాడు. అన్నం మానేసి లేచి బయటికెళ్ళాను. దక్షిణాన మబ్బు పడుతోంది. ఇంకో వారంలో వానలు. వాన పడితే కందకం గోడలు కూలతాయి, ఆ తర్వాత పొరలూ ఉండవు, చాళ్ళూ ఉండవు. నాన్న గుమ్మం దాకా వచ్చి మబ్బుకేసి చూశాడు.

"తడిపి చదువు," అన్నాడు. "ఎండలో చదువు." లోపలికెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మారిబెల్ బండి తలుపు కొట్టాను. ముప్పై ఒక్కటీ మళ్ళీ చదువుతాను, నువ్వు పక్కన నిలబడు అన్నాను. ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. పాత కాయితం చింపకూడదు. దాని మీదే తప్పు కొట్టేసి, సరైనది పక్కన రాసి, తప్పెందుకు జరిగిందో కింద రాసి సంతకం పెట్టాలి. ఈ పనిలో పద్ధతే అంత, చెరపకూడదు, కొట్టేయాలి. కిందది కనపడుతూనే ఉండాలి.

నాలుగు రోజులు పట్టింది. తెల్లారి ఐదింటికి దిగేదాన్ని. గీకడం, తడపడం, చదవడం. మారిబెల్ తనూ చదివి చూసి, సరిపోయాకే తలూపేది. ప్రతి కాయితం కిందా రెండు వాక్యాలు. "చదివినవారు డాక్టర్ థర్లో, రంగు కళ్ళద్దాలతో. తప్పని తెలిసి రాసినవారు లూసిండా ఎనోస్." రెండో వాక్యం రాసిన ప్రతిసారీ కడుపు మండేది. మొదటిది రాసినప్పుడు కాస్త చల్లబడేది. ముప్పై ఒక్కసార్లు అలా మండీ చల్లబడీ గడిచింది.

మూడో రోజు మారిబెల్ థర్లోని పిలిచింది. ఆయన పేరు ఉంది కాబట్టి ఆయన కూడా చూసి సంతకం పెట్టాలంది. ఐదూ ఆరూ పొరల ముందు నిలబెట్టి, కళ్ళద్దాలు తీసి చదవమంది. తీశాడు. ఎండకి రెండు కళ్ళ నుంచీ నీళ్ళు కారాయి. రంగుల పుస్తకాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి చూశాడు.

"ఇవి రెండూ వేరువేరా?" అన్నాడు చివరికి, నన్నే చూస్తూ.

"వేరే సార్. ఒకటి కాలవ, ఒకటి ఇల్లు."

జేబు రుమాలుతో కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టాడు. అప్పుడు నాకు జాలి కలగాలని మీరనుకుంటారేమో. కలగలేదు. కళ్ళు పోయింది ఇప్పుడు, మా నాన్న గురించి రాసినప్పుడు కళ్ళు శుభ్రంగానే ఉన్నాయి.

ఆ రోజు మా నాన్నని ఐసు కోసం పంపిందెవరు సార్ అని అడిగాను. గుర్తులేదన్నాడు. చాళ్ళ కాయితం ముందు పెడితే దాని మీద సంతకం పెట్టనన్నాడు. మారిబెల్ దాన్ని తన వైపు లాక్కుని, "మీది అక్కర్లేదు డాక్టర్ గారూ, గీసింది ఆమె, పక్కనుండి కొలిచింది నేను," అని తను పెట్టింది. థర్లో కళ్ళద్దాలు పెట్టుకుని నిచ్చెనెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ చోటికి రాలేదు.

నాలుగో రోజు సాయంత్రం దుమ్ము గోడలా లేచి వచ్చింది, దాని వెనకే వాన. ఆఖరి కాయితం ప్లాస్టిక్ సంచిలో పెట్టి చంకలో పెట్టుకుని పరిగెత్తాను. రాత్రికి గోడలన్నీ కూలి, నలభై ఒకటో ఇల్లు మళ్ళీ బురద కిందికి పోయింది.

మారిబెల్ నన్ను మళ్ళీ పనికి పిలవలేదు. పిలవలేనని ముందే చెప్పింది. ఇప్పుడు బళ్ళో వంట చేస్తున్నాను. నివేదిక మాత్రం మరుసటి వేసవికి అచ్చయి నా పేర ఇంటికొచ్చింది. అదే రోజు అత్తకి కబురు పెట్టాను, తేలింది రమ్మని.

అత్త కర్ర పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకుంది. గడప దాటలేదు. నాన్న పొయ్యి దగ్గర అటు తిరిగి గింజలు కలుపుతున్నాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. నేను పుస్తకం తెరిచి, మా భాషలో చెప్పుకుంటూ చదివాను. "నలభై ఒకటో ఇంటి గచ్చుని కోసింది తవ్వకపు యంత్రం. దాని తొట్టికి ఎడమ నుంచి రెండో పన్ను లేదు. వెనకటి నివేదికలో ఆంబ్రోస్ నార్చో గురించి రాసినది తప్పు."

ఇంకోసారి చదవమంది. చదివాను. ఈసారి వింటూ తన గౌను అంచు నలుపుతూ కూర్చుంది. కొడుకు పేరు మెల్లగా అనుకుంది, నాకు వినపడింది.

"దాని కింద ఇంకా ఏదో ఉంది. అది చదవవేం?"

అక్షరం ముక్క రాదు గానీ కళ్ళు మాత్రం గద్ద కళ్ళు. అదీ చదివాను. ముప్పై ఒక్క కాయితాల మీద పొరల రంగులు థర్లో రంగు కళ్ళద్దాలతో చదివాడని, తప్పని తెలిసి రాసింది లూసిండా ఎనోస్ అని. థర్లో ముక్క కొంచెం గట్టిగానే చదివాను. ఆ పేజీ మూల ఇప్పటికీ మడిచే ఉంది.

"నీ మీద కూడా అబద్ధమే రాశారా?" అంది అత్త.

"లేదత్తా. అది నిజమే. నేను చేసిందే."

నాన్న గరిటె ఆగింది. అత్త నన్ను చూసింది, నాన్న వీపుకేసి చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"ఈ ఇంట్లో ఎవరో ఒకరు విరగ్గొట్టారని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను," అంది.

కర్ర ఆనించి లేచింది. గడప దాటి లోపలికొచ్చి, బల్ల దగ్గర మా అమ్మ కూర్చునే చోట కూర్చుని, పళ్ళెం ఇటు పెట్టమంది. నాన్న తనే వడ్డించాడు, రెండు గింజలు బల్ల మీద పడ్డాయి. ఇరవై మూడేళ్ళ తర్వాత తమ్ముడి ఇంట్లో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, ఉప్పు తక్కువైందంది.

నాన్న ఉప్పు డబ్బా కోసం అల్మారా దగ్గరికెళ్ళాడు. ఉప్పూ తెచ్చాడు, దాని పక్కనున్న అమ్మ సీసా కూడా తెచ్చి దుమ్ము తుడిచి అత్త ముందు పెట్టాడు. తిని వెళ్ళేటప్పుడు అత్త ఆ సీసా చేతి సంచిలో వేసుకుంది.